తాబేలుపిల్లకు మన ఇల్లు పడుతుందా?

తాబేలు ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న మాట ఎవరు పుట్టించారో గాని, అది పట్టుకొని చాలామంది చిన్న చిన్న తాబేళ్ళను తెచ్చి ఇళ్ళల్లో పెట్టుకుంటున్నారు. పెట్టుకోవడం తేలికే. అది కుక్కలా మొరగదు, పిల్లిలా పాలగిన్నె మీద పడదు. ఆ నోరులేనితనమే దానికి పెద్ద చిక్కు. జబ్బు చేసినా మూలగదు. తిండి మానేసిన సంగతి ఇంటిల్లిపాదికీ పదిరోజులకు గాని తెలిసిరాదు.

నాంపల్లిలో మా అక్కయ్య ఉంటున్న ఇంటి మేడమీది వాటావాళ్ళు క్రిందటి చలికాలంలో ఇల్లు ఖాళీ చేస్తూ, ఒక ప్లాస్టిక్ టబ్బూ, అందులో ఒక తాబేలుపిల్లా మా అక్కయ్య మనుమడి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. వాడికి తొమ్మిదేళ్ళు. శనివారం పొద్దుపోయాక అక్కయ్య ఫోను చేసి, "ఒరేయ్, నీకీ జంతువుల సంగతులు తెలుసుగా, ఒకసారి వచ్చి చూసిపో. పెరుగన్నం పెడితే ముట్టడం లేదు" అంది. ఆబిడ్సు నుంచి నాంపల్లి ఎంత దూరం గనక! నడిచే వెళ్ళాను.

టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. అందులో జామకాయంత తాబేలు మెడ చాచి, కాళ్ళు ఆనక కొట్టుకుంటోంది. నల్లటి డిప్ప మీద ఒక్కొక్క పసుప్పచ్చ చుక్క నుంచి చుట్టూ గీతలు, ముగ్గు వేసినట్టు. నక్షత్ర తాబేలు. "ముందు దాన్ని నీళ్ళలోంచి తీయండి" అన్నాను.

మన భాషలో అన్నిటికీ తాబేలన్న ఒక్క మాటే ఉండడంతో వచ్చిన తంటా ఇది. కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. వేళ్ళ మధ్య పొర ఉంటే నీటి తాబేలు. ఏనుగు కాళ్ళలా మొద్దుగా, పొలుసులతో ఉంటే మెట్ట తాబేలు. దీనికి ఈత రాదు, లోతు నీళ్ళలో మునిగి చస్తుంది. నక్షత్ర తాబేలు రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాల్లో, గడ్డీ ముళ్ళపొదలూ ఉన్న చోట తిరిగే జీవి.

ఆ రాత్రి చేయగలిగినవి చేశాము. వెడల్పాటి అట్టపెట్టెలో పొడిమట్టి పరిచి, ఒక మూల పాతకాలపు బల్బు వేలాడదీసి, రెండో మూల బోర్లించిన కుండపెంకు పెట్టాము. తాబేలు ఒంట్లో వేడి దానంతటది పుట్టదు. వెచ్చన కావాలంటే దీపం దగ్గరికీ, చల్లన కావాలంటే నీడకూ అదే నడిచిపోవాలి. అంచేత పెట్టె అంతా ఒక్కటే వేడిగా ఉండకూడదు. నున్నటి గచ్చు మీద వదిలితే కాళ్ళు జారి వంకరపోతాయి.

తెల్లవారాక వెడల్పు పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు, దాని గడ్డం తడవనంత మాత్రమే పోసి, పది నిమిషాలు నిలబెట్టాము. మెడ వంచి ఎంతసేపు తాగిందో! మా అక్కయ్య నోరు నొక్కుకుంది. తరవాత వరండాలో లేత ఎండ. అద్దాల కిటికీలోంచి వచ్చే ఎండ పనికిరాదు. డిప్ప గట్టిపడడానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఎండలో పెట్టినా పక్కన నీడ ఉండాలి, కాకులు రాకుండా మనిషీ ఉండాలి.

తిండి సంగతి ఇల్లాళ్ళు ముఖ్యంగా గమనించాలి. అన్నం, పాలు, రొట్టె, బిస్కట్లు దానికి విషంతో సమానం. పాలకూర కూడా రోజూ పెట్టరాదు, అందులోని ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. గరిక, మందారాకు, మందారపువ్వు, ముళ్ళు తీసిన నాగజెముడు మంచివి. మూలికల కొట్లో సముద్రపు నురుగని అమ్ముతారు చూడండి, ఆ ముక్క ఒకటి పడేస్తే సున్నం కోసం కొరుక్కుంటుంది. సున్నం, ఎండ కరువైన పిల్లకు డిప్ప మెత్తబడుతుంది. దీని డిప్ప అంచు వేలితో నొక్కితే లొంగుతోంది. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాంతులూ విరేచనాలూ తెచ్చే క్రిములు తాబేళ్ళ ఒంటిమీద ఉంటాయి.

మధ్యాహ్నానికి అది సగం మందారపువ్వు తిన్నది. "తాతయ్యా, ఇక మనదే కదూ!" అన్నాడు కుర్రవాడు.

మనది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, దీన్ని పులీ ఏనుగుల సరసన మొదటి షెడ్యూలులో చేర్చింది. పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. ఊరికే పెట్టలేదు. 2015లో అచ్చయిన ఒక పరిశోధన ఆంధ్రప్రదేశ్‌లోని ఒక్క సేకరణ కేంద్రం నుంచే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని లెక్క తేల్చింది. మన అదృష్టం కోసం అన్ని ప్రాణాలా?

కొట్లలో అమ్మే, చెవి దగ్గర ఎర్రచార ఉన్న నీటి తాబేలు వేరు. అది అమెరికా జాతి. రూపాయి బిళ్ళకు కాస్త పెద్దదిగా వచ్చి భోజనం పళ్ళెమంత అవుతుంది, ఇరవై ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది. విసుగెత్తి చెరువులో వదిలితే అక్కడి మన తాబేళ్ళ తిండి లాక్కుంటుంది. నన్నడిగితే అదీ కొనవద్దనే అంటాను.

మా బావగారు మాత్రం, "పబ్లిక్ గార్డెన్సులో నీళ్ళున్నాయిగా, వదిలేస్తే పుణ్యమూ వస్తుంది" అన్నారు. మునిగిపోతే పుణ్యమెలా వస్తుందని అక్కయ్యే అడిగింది. అయితే ఆ తోటకూ తాబేళ్ళకూ సంబంధం లేకపోలేదు. బాగ్-ఏ-ఆమ్ అని పిలిచే ఆ పబ్లిక్ గార్డెన్సులో పూర్వం జంతుప్రదర్శనశాల ఉండేది. 1963లో నెహ్రూ జూ తెరిచినప్పుడు, ఇక్కడి నుంచి ఒక గాలపాగస్ పెద్ద తాబేలును అక్కడికి తీసుకువెళ్ళారు. 2024 మార్చిలో అది చనిపోయేనాటికి దాని వయస్సు సుమారు 125 ఏళ్ళు. నిజాముల కాలంలో దానికి మేతవేసిన చేతులు ఎన్ని మారి ఉంటాయి! నక్షత్ర తాబేలు అంతకాలం బతకకపోయినా, ముప్ఫయ్యేళ్ళు దానికి లెక్కలోది కాదు. అద్దె ఇళ్ళల్లో కాపురముండే మనం అన్నేళ్ళకు హామీ ఇవ్వగలమా?

కుర్రవాడు ఏడ్చాడు. ఏడవనిచ్చాము. తరవాత వాడే ఒక కాగితం మీద, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏం తిన్నది, ఎన్నిసార్లు నీళ్ళు తాగింది అంతా గుండ్రటి అక్షరాలతో రాశాడు. సోమవారం ఉదయం ముందుగా ఫోను చేసి చెప్పి, గాలి ఆడే పెట్టెలో సైఫాబాదులోని అరణ్యభవనానికి తీసుకుపోయాము. అక్కడి ఉద్యోగి పెట్టెకంటే ముందు ఆ కాగితమే చదివాడు. డిప్ప మెత్తగా ఉన్నదన్న చోట ఆగి, "పశువైద్యునికి చూపిస్తాము" అని వాడితోనే చెప్పాడు.

టబ్బు మా అక్కయ్య ఉంచుకుంది. బట్టలు నానవేయడానికి పనికొస్తోంది.