ఆ నాలుగు మిల్లీమీటర్లు

కమలాపురంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే కుర్రాడు సోనీ ఫుల్ ఫ్రేమ్ బాడీ కొన్నాడనుకుందాం. డబ్బు అక్కడే సగం అయిపోయింది. ఇప్పుడు రోజూ కెమెరాకు తగిలించి ఉంచే లెన్స్ ఒకటి కావాలి. సోనీ సొంత 24-70 అందనంత ఖరీదు. మిగిలినవి బయటి కంపెనీలవి: సిగ్మా, టామ్రాన్. సిగ్మా ఆర్ట్ 24 దగ్గర మొదలవుతుంది, టామ్రాన్ 28 దగ్గర. తేడా నాలుగు మిల్లీమీటర్లు. కాగితం మీద అది ఏ మూలకూ రాదు.

మండపంలో నిలబడి లెక్క వేద్దాం. సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. మూడు మీటర్ల దూరం నుంచి గ్రూప్ ఫోటో తీస్తే 24లో నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. 28లో 3.85 మీటర్లే. పోయిన 65 సెంటీమీటర్లలో ఒక మనిషి నిలబడొచ్చు. అంటే వరుస చివరనున్న మేనత్త ఫోటోలో లేనట్టే. అర మీటరు వెనక్కి జరిగితే ఆమె మళ్లీ వస్తుంది. "వెనక్కి ఎక్కడికి జరిగేదన్నా? వెనక వీడియో ఆయన, ఆయన వెనక లైటు స్టాండు," అంటాడు కుర్రాడు. అదీ నిజమే.

అయితే 24లో మేనత్త ఫోటోలో పడుతుంది గానీ, ఉన్నదానికన్నా లావుగా పడుతుంది. అంచుకు వెళ్లేకొద్దీ గుండ్రని వస్తువు పక్కకు సాగుతుంది. 24లో చిట్టచివర ఈ సాగుడు దాదాపు నాలుగో వంతు. ఇది ఏ కంపెనీ లోపమూ కాదు. అంత వెడల్పు దృశ్యాన్ని చదునైన సెన్సార్ మీద పరిస్తే జరిగేదే. జూమ్ లెన్స్‌లో ఏదీ ఊరికే రాదు. ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇచ్చుకోవాలి. దాని చరిత్ర పొడుగునా ఈ బేరమే నడిచింది.

అమెరికాలో క్లైల్ అలెన్ అనే ఆయన 1902లోనే జూమ్ లెన్స్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన సులువుగానే ఉంటుంది. గొట్టం లోపల ఒక గాజుల గుంపును ముందుకూ వెనక్కూ జరిపితే బొమ్మ పెద్దదీ చిన్నదీ అవుతుంది. కష్టమంతా ఆ తర్వాతే. గుంపు జరిగిన ప్రతిసారీ ఫోకస్ చెదురుతుంది. దాన్ని సరిచేయడానికి రెండో గుంపు కూడా కదలాలి, అదీ వేరే వేగంతో. అందుకే గొట్టం మీద వంపు తిరిగిన గాళ్లు చెక్కుతారు. మనం రింగు తిప్పితే రెండు గుంపులూ ఎవరి గాడిలో వారు నడుస్తారు. గాడి కాస్త తప్పిందా, బొమ్మ మసకే.

ఈ పనితనం మొదట సినిమావాళ్లకే అందింది. 1932లో బెల్ అండ్ హోవెల్ కంపెనీ కుక్ వారో అనే 40-120 లెన్స్ తెచ్చింది. స్టిల్ కెమెరాకు తగిన జూమ్ రావడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఫోక్ట్‌లాండర్ జూమార్: 36 నుంచి 82 వరకు, ఎఫ్ 2.8, లోపల 14 గాజులు. అన్ని గాజులు పేర్చడంలోనే ఇంకో చిక్కు ఉంది. పూత లేని గాజు, గాలి తగిలే ప్రతి ఉపరితలం దగ్గరా నాలుగు శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. అలాంటివి ఇరవై ఉంటే సగానికి పైగా వెలుతురు దారిలోనే పోతుంది. కొంత అటూ ఇటూ చెదిరి బొమ్మను తెల్లబారుస్తుంది. 1935లో జైస్ కంపెనీలో స్మకులా కనిపెట్టిన పూత లేకపోతే ఇప్పటి జూమ్‌లు లేవు. తర్వాత కంప్యూటర్లు వచ్చి, మనుషులు నెలల తరబడి వేసే కిరణాల లెక్కలను చేతిలోకి తీసుకున్నాయి.

బయటి కంపెనీల కథ దీని పక్కనే నడిచింది. టామ్రాన్‌గా పేరుపడిన సంస్థ 1950లో, సిగ్మా 1961లో జపాన్‌లో మొదలయ్యాయి. 1957లో టామ్రాన్ సంస్థ టీ-మౌంట్ అనే బిగింపు తెచ్చింది: లెన్స్ ఒకటే, వెనక రింగు మారిస్తే ఏ కెమెరాకైనా సరిపోతుంది. ఆటోఫోకస్ వచ్చాక ఈ సుఖం పోయింది. 1987లో కానన్ ఈఓఎస్‌తో లెన్స్, బాడీ పూర్తిగా కరెంటు సంకేతాలతోనే మాట్లాడుకోవడం మొదలైంది. ఆ భాష కానన్ ఎవరికీ చెప్పలేదు. బయటివాళ్లు విని, ఊహించి, అనుకరించాల్సి వచ్చింది. కొత్త బాడీ వస్తే పాత సిగ్మా మొరాయించిన సందర్భాలు ఉన్నాయి. "బయటి లెన్స్ నమ్మలేం" అన్న మాట అక్కడ పుట్టిందే.

2011లో సోనీ తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను డబ్బు అడగకుండా బయటివాళ్లకు ఇచ్చింది. దాంతో దారి తెరుచుకుంది. 2018లో టామ్రాన్ 28-75 వచ్చింది: ఎఫ్ 2.8, బరువు 550 గ్రాములు, అమెరికాలో ధర సుమారు 800 డాలర్లు. సోనీ సొంత 24-70 ఎఫ్ 2.8, 2016లో విడుదలైనప్పుడు 886 గ్రాములు, సుమారు 2,200 డాలర్లు. టామ్రాన్ చేసింది మాయ కాదు. ఆ నాలుగు మిల్లీమీటర్లను వదిలేసింది. వెడల్పు కోణం తగ్గితే ముందు గాజు చిన్నదవుతుంది, దాంతోపాటు బరువూ ధరా దిగుతాయి. 2019లో వచ్చిన సిగ్మా ఆర్ట్ మాత్రం 24ను వదులుకోలేదు. ఫలితంగా బరువు 800 గ్రాములు దాటింది. 2021లో అదే సిగ్మా 28-70 తెచ్చి 470 గ్రాములకు దిగింది. కానీ అందులో దుమ్ము ఆపే రబ్బరు మౌంట్ దగ్గర మాత్రమే ఉంది.

మన కడప జిల్లాలో ఈ చివరి మాట చిన్నది కాదు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు తీయడానికి వెళ్తే ఎద్దుల కాళ్ల కింద లేచే దుమ్ము మొఖాన కొడుతుంది. అక్కడ లెన్స్ విప్పి మార్చడం కుదరని పని. జూమ్ చేసినప్పుడల్లా గొట్టం ముందుకు సాగి, బయటి గాలిని లోపలికి లాగుతుంది. అలాంటి పనులు ఎక్కువుంటే ఒళ్లంతా సీలు ఉన్నదే మేలు. మండపాల్లోనే పని అయితే, రాత్రి రిసెప్షన్ నుంచి తెల్లవారుజాము ముహూర్తం దాకా మెడకు వేలాడే బరువే ముఖ్యం. మరో సంగతి: ఈ మూడు బయటి లెన్స్‌లలోనూ చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు. బాడీలో ఉంటే సరి. లేకపోతే చేత్తో పట్టుకుని తీసే వీడియో ఊగుతుంది. సోనీ బాడీలు బయటి లెన్స్‌తో సెకనుకు 15 ఫోటోలకు మించి తీయవు. తలంబ్రాలకు ఆ 15 చాలు.

బాడీ ఇంకా కొననివాళ్లు మౌంట్ కూడా చూసుకోవాలి. నికాన్ జెడ్‌కు టామ్రాన్ లైసెన్సుతోనే లెన్స్‌లు చేస్తోంది. కానన్ తన ఆర్‌ఎఫ్ తలుపును 2024లో కొద్దిగా తీసింది, అదీ చిన్న సెన్సార్ లెన్స్‌లకు.

ఎంచుకోవడానికి మంచి ఆధారం మన కంప్యూటర్‌లోనే ఉంది. ప్రతి ఫోటో ఫైల్‌లోనూ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశామో రాసి ఉంటుంది. పోయిన సీజన్‌లో ఆల్బమ్‌కు ఎక్కిన ఫోటోలను ఆ అంకె ప్రకారం వరుసపెట్టి చూడాలి. 24 దగ్గర గ్రూపులు గుట్టగా ఉంటే, బరువు మోసైనా సిగ్మా ఆర్ట్ తీసుకోవాలి. ఎక్కువ భాగం 35కూ 70కూ మధ్య ఉంటే, 28తో మొదలయ్యేది చాలు. మిగిలిన డబ్బు మంచి ఫ్లాష్‌కు పెడితే ఆ తేడా ఆల్బమ్‌లో కనిపిస్తుంది.