తుఫానుకు ముందే చేరవలసిన మాట

విద్యార్థులు తమ చదువులో భాగముగా ఒక ప్రచారోద్యమమునకు రూపకల్పన చేయవలసి వచ్చినపుడు గోడపత్రికల రంగులపైనను, నినాదముల ప్రాసలపైనను, వీడియోల హంగులపైనను దృష్టి నిలిపి, పని ముగియవలసిన గడువును అధ్యాపకులు తమపై మోపిన భారముగా మాత్రమే భావించుట సర్వసాధారణము. కాని ప్రచారమనునది ఒక మనిషి చెవిని చేరి, అతనిచేత సకాలమున ఒక పని చేయించినపుడే సార్థకమగును. కాలము మించిన పిదప చేరిన మాట ఎంత రమణీయమైనదైనను నిష్ప్రయోజనమే. ఈ సత్యము తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ప్రత్యక్షముగా బోధపడును. ఏలయన అచ్చట కళాశాల గడువుకంటె కఠినమైన గడువును ఏటేట బంగాళాఖాతమే విధించుచున్నది.

ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరిన కృష్ణాజలము తెనాలి పట్టణముగుండ సాగు కాలువల ద్వారా రేపల్లె, బాపట్ల ప్రాంతముల శివారు పొలములకు పారి, ఈ సీమను వరిమాగాణిగా మార్చినది. 1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల ఈ మాగాణి నడుమనే ఉన్నది. ఆ పట్టణపు పరిశోధనా స్థానమునుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, సన్నబియ్యపు రుచికి ప్రమాణముగా పేరు పొందినది. ఆ వంగడమునకు సుమారు 150 దినముల పంటకాలము కావలెను. జూలైలో నారు పోసిన చేను కోతకు వచ్చుసరికి నవంబరు, డిసెంబరు మాసములగును. సముద్రమున తుఫానులు పుట్టు ఋతువును అదియే. గాలివానకు పడిపోవుట ఆ పైరు స్వభావము. పడిన వెన్ను నీట నానినచో గింజ మొలకెత్తును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, కృష్ణకు ఈవలి ఒడ్డుననున్న రేపల్లె ప్రాంతమునుకూడ విడువలేదు. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నము మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినపుడు, కోసి పొలమున పరచిన పనలును, కోయక నిలిచిన చేలును నీటిపాలైనవి.

వ్యవసాయ విద్యార్థులు చివరి సంవత్సరమున కొంతకాలము గ్రామములలో నివసించి, రైతులతో కలిసి మెలగి, పాఠములను పొలమున సరిచూచుకొందురు; గోడపత్రికలు, కరపత్రములు తయారుచేయుటయు, ప్రచారములు నడపుటయు విస్తరణవిద్యలో వారు అభ్యసించు పనులు. అట్టి బృందమొకటి తుఫాను వేళ వరిని కాపాడుకొను పద్ధతులపై ప్రచారమును తలపెట్టెననుకొందము. కళాశాలలో సమర్పించుటకు నవంబరు చివరి వారము వరకు గడువున్నదని వారు నిశ్చింతగా ఉన్నచో, ప్రణాళికకు మార్కులు రావచ్చునుగాని, అప్పటికి ఎన్నో చేలు కోతలో ఉండును. కావున వారు లెక్కను వెనుకనుండి మొదలిడవలెను. నవంబరు మొదటి దినమునకే గోడపత్రిక ఊరి రచ్చబండవద్ద కనబడవలెనన్నచో, అక్టోబరు మూడవ వారమున అది తెనాలి ముద్రణాలయమునకు చేరవలెను. దానికి ముందు రెండవ వారమున నమూనాను రైతులకు చూపి దిద్దుకొనవలెను. దానికిని ముందు, సెప్టెంబరులోనే, ఆ రైతులు గడచిన తుఫానుకు ఏమి చేసిరో, ఏమి చేయలేకపోయిరో అడిగి తెలిసికొనవలెను. ఇట్లు చూచినచో తీరిక నిండుగా కనబడిన కాలము నిజమునకు ఎంత స్వల్పమో తేటతెల్లమగును.

ఈ విచారణలో మొదట తేల్చుకొనవలసినది, మనము ఎవరితో మాటలాడుచున్నామను విషయము. రైతులందరు అనుట సమాధానము కాదు. డెల్టాలో సొంత భూమి లేక కౌలుకు చేయువారు అనేకులు. వారికి టార్పాలిన్ పట్టాలు కొనుటయే భారము. కూలీల ముఠా దొరకని రైతుకు పనలను కుప్పవేయుమని చెప్పిన మాట హితవుగా కాక ఎత్తిపొడుపుగా వినబడును. వాతావరణశాఖ తుఫాను హెచ్చరికలను అంచెలంచెలుగా వెలువరించును: ప్రతికూల వాతావరణము ఆరంభము కాకమునుపు కనీసము 48 గంటలకు ఒకటి, 24 గంటలకు మరొకటి. ఆ 48 గంటలలో ఒక కుటుంబము తన చేతులతో చేయగలిగినదేదియో అదియే ప్రచారపు సారము కావలెను. చేను కోయనిచో కోత ఆపవలెను. కోసినచో పనలను కుప్పవేసి పట్టా కప్పవలెను. మురుగునీరు పోవుటకు గట్టున దారి తీయవలెను. గోడపత్రికకు ఈ మూడు మాటలు చాలును. నాలుగవది చేర్చిన క్షణమున మొదటిదానికి బలము తగ్గును.

నమూనాను సరిచూచుట ఎందుకో ఒక ఉదాహరణముచే గ్రహింపవచ్చును. పడిన వరివెన్నులు మొలకెత్తకుండ 5 శాతము ఉప్పు ద్రావణమును పిచికారి చేయవలెనని శాస్త్రజ్ఞులు సలహా యిత్తురు. విద్యార్థి దీనిని తన పుస్తకములో ఉన్నట్లే, గోడపత్రికకు తోడుగా పంచు కరపత్రముపై వ్రాసినచో తప్పు లేదు. కాని తడిసిన చేని గట్టున నిలిచి, వీపున స్ప్రేయరు మోయుచున్న రైతుకు శాతముతో పని జరుగదు. లీటరుకు 50 గ్రాములనగా, 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాముల ఉప్పు. ఆ అంకెను ట్యాంకు బొమ్మ ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాసినచో, ఇంటనున్న ఉప్పు ప్యాకెట్టును చూచినంతనే కొలత మనసున నిలుచును. ఇట్టి మార్పు గదిలో కూర్చున్నవారికి తట్టదు. నమూనాను చేతికిచ్చి, “ఇందులో మీకు అర్థమైనది చెప్పండి బాబాయ్” అని అడిగి, సమాధానము పూర్తియగువరకు మౌనముగా విన్నవారికే తట్టును.

ఇక సాధనముల విషయము. గోడపత్రికయు, వాట్సాప్‌లో పంపు అరనిమిషపు మాటయు హెచ్చరికకు ముందు దినములకు చక్కగా ఉపకరించును. గాలివాన ముదిరి కరెంటు పోయి, సెల్ టవర్లు మూగవోయిన పిదప, ఆటోపై కట్టిన మైకు, గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, చివరకు పూర్వపు టముకు మాత్రమే మిగులును. అవి ఎవరి స్వాధీనములో ఉన్నవో, ఆ వేళ ఎవరు పలుకుదురో ముందే నిర్ణయించుట కూడ రూపకల్పనలో అంతర్భాగము. తూర్పు బెంగాలు తీరమున 1970 నవంబరులో వచ్చిన తుఫాను లక్షలమందిని బలిగొనిన పిమ్మట, 1972లో బంగ్లాదేశ్‌లో ఏర్పడిన స్వచ్ఛందసేవకుల వ్యవస్థ, జెండాలతోను మెగాఫోనులతోను ఊరూర హెచ్చరికను చాటు పద్ధతిని నెలకొల్పినది. మన గుంటూరు సీమకు చెందిన షేక్ నాజరు ప్రజానాట్యమండలి వేదికపై వన్నెకెక్కించిన బుర్రకథ సైతము ఈ విద్యలో మనకు గురువే: కథకుడు విషయమును నడుపుచుండగా ఒక వంత లోకవ్యవహారమును ప్రస్తావించును, మరియొక వంత హాస్యముతో శ్రోతల సందేహమునే తన నోట పలుకును. వినువాని ప్రశ్నకు తావీయని ప్రచారము ఏకపక్షపు ఉపన్యాసముగా ముగియును.

గడువు సమీపించినపుడు బృందములకు సహజముగా కలుగు ప్రమాదము, అన్నింటిని కొంచెము కొంచెము చేయబూనుట. అట్టి తరుణమున త్యజింపదగినదానిని త్యజించుటయే వివేకము. వీడియో ఎడిటింగు మిగిలి, గోడపత్రికయు, కరపత్రమును ప్రూఫు చూడకుండ ముద్రణకు పోవు స్థితి ఏర్పడినచో, వీడియోనే విడువవలెను. ఒక సున్న అదనముగా పడిన కొలత చేనుకు చేటు తెచ్చును, ఒక అంకె తప్పిన ఫోను నంబరు ఆపదవేళ ఎవరిని పలుకరింపదు. ఆ అంకెలను వ్రాసినవారు గాక వేరొకరు బిగ్గరగా చదివి సరిచూడవలెను. పంపిణీచేయు దినమును, ఊళ్లను, బాధ్యుల పేర్లను ఒకే కాగితముపై వ్రాసి అందరికి ఇవ్వవలెను; రేపల్లె వైపు పోవువారు ఎవరో, బాపట్ల తీరగ్రామములకు పోవువారు ఎవరో చివరి రాత్రి తేల్చుకొనుట తగదు.

పని ముగిసిన పిదప వ్రాయు నివేదికలో ఎన్ని ప్రతులు పంచితిమన్న లెక్క మాత్రమే చాలదు. గోడపత్రికను చూచినవారిలో ఎందరు ఆ మూడు మాటలను తిరిగి చెప్పగలిగిరి, ఎందరి ఇండ్లలో పట్టాలు సిద్ధముగా ఉన్నవి, ఎవరికి మాట చేరలేదు, ఏల చేరలేదు అను ప్రశ్నలకు నిజాయితీతో కూడిన సమాధానమే తరువాతి సంవత్సరపు విద్యార్థులకు అమూల్యమైన పాఠ్యగ్రంథము. కావున ఈ సీమ విద్యార్థులకు నా విన్నపమొక్కటే: ప్రణాళిక తొలిపుటపై కళాశాల గడువును వ్రాయుటకు ముందు, వరి కోతకు వచ్చు తేదీని వ్రాయుడు, ఆ తేదీకి పూర్వమే మీ మాట పొలముగట్టు చేరినచో, కళాశాల గడువు మిమ్ములను ఎన్నడును బాధింపదు.