బైలదిల్లా రికార్డులు - శంఖిని ఎరుపు

హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ) 2023-24లో నాలుగున్నర కోట్ల టన్నులకు పైగా ఇనుప ఖనిజాన్ని ఉత్పత్తి చేసి రికార్డు నెలకొల్పింది. అందులో సింహభాగం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి చెందిన బైలదిల్లా గనులదే.

ఎద్దు మూపురాన్ని పోలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చిన ఈ కొండలలో, కిరండూల్ వద్ద 1968లో ఉత్పత్తి మొదలైంది. నాటినుంచి ఖనిజం తూర్పు కనుమల సొరంగాల గుండా విశాఖ రేవుకు, అక్కడినుంచి జపాన్‌కు తరలింది. అరకు రైలు ఎక్కినవారికి ఆ వ్యాగన్లు కొత్త కావు. బస్తర్ గడ్డపైనే ఉక్కు తయారు కావడానికి మాత్రం అర్ధ శతాబ్దం పైగా పట్టింది. జగదల్‌పూర్ సమీపాన నగర్‌నార్‌లో నెలకొల్పిన ముప్పై లక్షల టన్నుల కర్మాగారం 2023లో ఉత్పత్తి ప్రారంభించింది.

సామాజిక సేవలో చెప్పుకోదగినది బాలికా శిక్షా యోజన. 2011లో మొదలైన ఈ పథకం కింద బస్తర్ గిరిజన బాలికలను సంస్థ ఖర్చుతో హైదరాబాద్‌కు పంపి, అపోలో విద్యాసంస్థలో నర్సింగ్ చదివించారు. వైద్యం అందడమే గగనమైన ఆ పల్లెలకు ఇది చిన్న మేలు కాదు.

పర్యావరణం లెక్క ఇంత సులువుగా తేలదు. గనుల సన్నని ఖనిజ ధూళితో శంఖిని, డంకిని నదులు ఎర్రబారాయని, దిగువ పొలాలలో మేట వేసిందని గిరిజనులు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు. చెక్‌డ్యాములు కట్టామని, మొక్కలు నాటామని సంస్థ అంటుంది.

2019 జూన్‌లో 13వ నిక్షేపం తవ్వకాన్ని వ్యతిరేకిస్తూ, తమ దైవం నందరాజ్ కొండను కాపాడుకునేందుకు వేలాది గిరిజనులు కిరండూల్‌లో బైఠాయించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు నిలిపివేసి, 2014 నాటి గ్రామసభ ఆమోదం నిజమైనదేనా అన్న విషయమై విచారణకు ఆదేశించింది.