దడదడ కాదు.. మాట వినిపించాలి!

* హోం థియేటర్ కొంటున్నారా? అవ్వను వెంట తీసుకెళ్లండి
* వాట్ల లెక్కకన్నా మధ్య స్పీకరే ముఖ్యం

హోసూరు: పండక్కి ఇంటికి కొత్త టీవీ వచ్చింది. గోడకు అతుక్కునేంత పలుచన. బొమ్మ అద్దంలా ఉంది. సినిమా మొదలై పది నిమిషాలు కాకముందే అవ్వ అడుగుతుంది.. 'వాడేమంటా ఉండాడ్రా?' మనవడు సౌండు పెంచుతాడు. మాట రాదు, మోత వస్తుంది. ఫైటింగు మొదలయ్యేసరికి పక్కింటి తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ తగ్గిస్తాడు. సినిమా అయ్యేదాకా రిమోటుకు విశ్రాంతి ఉండదు.

పలుచని టీవీల్లో స్పీకర్లు చిన్నవి. చాలావాటిలో అవి కిందికో, వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి మన చెవికి చేరుతుంది. అందుకే అందరి చూపూ హోం థియేటర్ వైపు మళ్లుతోంది. ఈ ప్రాంతంలో ఇది ఉత్త సరదా వ్యవహారం కాదు. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం మాత్రం రాని పిల్లలు ఎందరో. వారికి తెలుగంటే చెవిన పడేదే. ఆ పడేది కాస్తా మోతలో కలిసిపోతే ఎలా?

ఆరు పెట్టెల లెక్క
5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. టీవీకి ఎడమ, కుడి, మధ్య ఒక్కొక్కటి. కూర్చునే చోటుకు ఇరుపక్కలా, కాస్త వెనగ్గా రెండు. దడదడలాడించేది సబ్‌వూఫర్. డైలాగులు ఎక్కువగా వచ్చేది మాత్రం మధ్య స్పీకరు నుంచే. 2.1 సెట్లలో అది ఉండదు. చిన్న గదికి సౌండ్‌బార్ చాలనుకుంటే 3.1 అయినా అడగాలి. మధ్య స్పీకరు సౌండును విడిగా పెంచే వీలుందో లేదో చూసుకోవాలి.

వాట్ల మాయ
అట్టపెట్టెపై పెద్ద అక్షరాల్లో 'పీఎంపీవో' అని వేలల్లో కనిపిస్తే మురిసిపోవద్దు. ఆ అంకెతో పని లేదు. నిలకడగా ఎంత శక్తి ఇస్తుందో చెప్పేది 'ఆర్‌ఎంఎస్'. ఒక్కో స్పీకరుకు అది ఎంతో అడగాలి. పది, పన్నెండు అడుగుల గదికి పెద్ద అంకెలు అక్కర్లేదు.

టీవీకి కలిపే తీరూ ముఖ్యమే. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉంటే ఒక్క వైరుతో పని అయిపోతుంది. బ్లూటూత్‌తో కలిపితే సాధారణంగా రెండు చానెళ్ల శబ్దమే వస్తుంది. అయిదు స్పీకర్లు కొని ఏం లాభం? సినిమా యాప్‌లో ఆడియో మెనూ తెరిచి తెలుగు 5.1 ఎంచుకోవాలి. అక్కడ తమిళమో, హిందీనో పెట్టి ఉంటే పెట్టెది తప్పు కాదు.

షాపులో ఇలా వినండి
దుకాణంలో ఫైటింగు సీన్లే వేస్తారు. కుర్చీ అదురుతుంది, జేబు కదులుతుంది. మీరు బాగా ఎరిగిన తెలుగు సినిమా వేయమనండి. వెనక సంగీతం వస్తుండగా ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టించండి. సౌండు తగ్గించి, కళ్లు మూసుకుని వినండి. ప్రతి మాటా అందితే సరుకు మంచిదే.

ఇంటికొచ్చాక మధ్య స్పీకరును అలమరలోకి తోసేయకుండా టీవీ కిందే, ముందుకు పెట్టాలి. కూర్చున్నవారి చెవి ఎత్తుకు దగ్గరగా ఉంటే మేలు. సబ్‌వూఫర్‌ను మూలన పెడితే మోత పెరుగుతుంది. నున్నటి బండలు, ఖాళీ గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. నేలన జంఖానా, కిటికీకి మందపాటి తెర వేస్తే మాట తేటపడుతుంది.

సరిహద్దు దాటి కొంటే..
నలభై కిలోమీటర్లలో బెంగళూరు ఉంది. ఎస్పీ రోడ్డులో బేరం కుదురుతుందని చాలామంది బస్సెక్కుతారు. వెళ్లండి, కానీ జీఎస్టీ బిల్లు లేకుండా తిరిగి రావద్దు. వారంటీ కార్డుపై తేదీ, ముద్ర వేయించాలి. మరమ్మతు వస్తే హోసూరులోనే చూస్తారా, పెట్టెను మోసుకెళ్లాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

కొన్నది పక్క రాష్ట్రంలో కదా అని నష్టపోయి ఊరుకోనక్కర్లేదు. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే బెంగళూరు సరుకుపై కృష్ణగిరి జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. చేతిలో బిల్లు ఉండటమే ఆధారం.

అన్నీ అమర్చాక ఆఖరి పరీక్ష ఇంట్లోనే. సినిమా పెట్టి అవ్వను కూర్చోబెట్టండి. 'ఏమంటా ఉండాడ్రా' అని ఆమె మళ్లీ అడగకపోతే, పెట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్టే.