దీర్ఘకాలిక అలసట: వ్యాధి స్వరూపం - నిర్వహణ

వ్యాససంగ్రహం

అలసట అందరికీ అనుభవమే. అయితే విశ్రాంతితో తీరని, శ్రమించిన కొద్దీ ముదిరే అలసట ఒక ప్రత్యేక వ్యాధికి లక్షణం. వైద్యరంగంలో ఎంఈ/సీఎఫ్‌ఎస్ అని వ్యవహరించే ఈ వ్యాధి చరిత్రను, లక్షణాలను, నిర్వహణ పద్ధతులను వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. సాధారణ అలసటకు చెప్పే సలహాయే ఈ వ్యాధిలో హాని చేయగలదన్న విషయాన్ని ఆధారాలతో చూపడం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: దీర్ఘకాలిక అలసట, ఎంఈ/సీఎఫ్‌ఎస్, శ్రమానంతర క్షీణత, శక్తి పరిమితి, నిర్ధారణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో అలసటను తెలిపే పదాలకు కొరత లేదు. అలసట, బడలిక, నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ అనే మాటలను నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతున్నా వాటి మధ్య సూక్ష్మభేదం ఉంది. పని వల్ల కలిగేది అలసట, ప్రయాణం వల్ల కలిగేది బడలిక. ఈ రెండింటికీ కారణం కనిపిస్తుంది. విశ్రాంతితో అవి తీరిపోతాయి. నిస్సత్తువ, నిస్త్రాణ అనే మాటలు మాత్రం సత్తువ, త్రాణ లేకపోవడాన్నే చెబుతాయి. ఉన్న శక్తి ఖర్చు కావడం వేరు, ఖర్చయిన శక్తి తిరిగి సమకూరకపోవడం వేరు. 'దీర్ఘకాలిక అలసట' అనే పేరు మొదటి స్థితిని స్ఫురింపజేస్తుంది. రోగులు అనుభవించేది రెండవ స్థితిని. ఈ వ్యాధి విషయంలో ఏర్పడిన అపార్థాలలో చాలావాటికి ఈ తేడాను గమనించకపోవడమే మూలం.

2. పేరు వెనుక చరిత్ర

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది అంతుచిక్కని అస్వస్థతకు గురయ్యారు. కండరాల నొప్పి, తలనొప్పి, తీవ్రమైన నిస్త్రాణ వారిలో కనిపించాయి. ఆ మరుసటి ఏడాది 'లాన్సెట్' పత్రిక సంపాదకీయం ఇటువంటి అస్వస్థతకు 'బినైన్ మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్' అనే పేరును ప్రతిపాదించింది. మరణాలు లేవు కనుక 'బినైన్', అంటే ప్రాణాపాయం లేనిది అన్నారు. ఎంఈ అనే సంక్షిప్తనామం దీనినుంచి వచ్చినదే.

1970లో మెకెవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మనోవైద్యులు రాయల్ ఫ్రీ రోగుల రికార్డులను పరిశీలించి, అది సామూహిక హిస్టీరియా అని వాదించారు. బాధితులలో స్త్రీలు ఎక్కువగా ఉండటాన్ని తమ వాదనకు ఒక ఆధారంగా చూపారు. రోగులను మాత్రం వారు స్వయంగా పరీక్షించలేదు. అయినా ఆ అభిప్రాయం దశాబ్దాలపాటు నిలిచిపోయింది. 1988లో అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం ఆధ్వర్యంలో 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అనే పేరు వచ్చింది. ఆ పేరు వ్యాధిని వినేవారికి సుపరిచితం చేసింది. దాని తీవ్రతను మరుగుపరిచింది. ప్రస్తుతం రెండు పేర్లనూ కలిపి ఎంఈ/సీఎఫ్‌ఎస్ అంటున్నారు.

3. లక్షణాలు

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ప్రకటించిన నివేదిక నిర్ధారణకు స్పష్టమైన ప్రమాణాలను సూచించింది. వాటి ప్రకారం మూడు లక్షణాలు తప్పనిసరి.

మొదటిది, వ్యాధికి ముందు చేసిన పనులను చేయలేకపోవడం. ఇది తీవ్రమైన అలసటతో కూడి ఆరు నెలలకు మించి కొనసాగాలి. రెండవది, శ్రమానంతర క్షీణత. మూడవది, ఎంతసేపు నిద్రించినా సేదతీరకపోవడం. వీటికి తోడు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినడం గాని, నిలబడినప్పుడు లక్షణాలు పెరగడం గాని ఉండాలి.

వీటిలో శ్రమానంతర క్షీణత కీలకమైనది. స్వల్పమైన శారీరక శ్రమ గాని, మానసిక శ్రమ గాని చేసిన తరువాత రోగి స్థితి దిగజారుతుంది. ఈ దిగజారుడు తరచుగా వెంటనే కాక కొన్ని గంటలకో, మరుసటి రోజుకో కనిపిస్తుంది. రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. సోమవారం రెండు గంటలు సదస్సులో కూర్చున్న వ్యక్తి బుధవారం మంచం దిగలేకపోవచ్చు. సోమవారం అతనిని చూసినవారికి ఆ బుధవారం కనిపించదు. రోగి మాటపై అనుమానం పుట్టడానికి ఇదొక ప్రధాన కారణం.

ఈ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు. అయితే చాలామందిలో ఇది ఏదైనా ఇన్‌ఫెక్షన్ తరువాత మొదలవుతుంది. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, మూడు వేర్వేరు ఇన్‌ఫెక్షన్లు సోకిన 253 మందిలో 11 శాతం మంది ఆరు నెలల తరువాత ఈ వ్యాధి ప్రమాణాల పరిధిలోకి వచ్చారు. కోవిడ్ తరువాత కూడా కొందరిలో ఇవే లక్షణాలు కనిపించడంతో ఈ అంశానికి ప్రాధాన్యం పెరిగింది.

4. నిర్ధారణలో జాగ్రత్తలు

ఈ వ్యాధిని నిర్ధారించే రక్తపరీక్ష గాని, స్కానింగ్ గాని లేదు. అందువల్ల అలసటకు ఇతర కారణాలున్నాయేమో ముందుగా పరిశీలించాలి. తెలుగు రాష్ట్రాలలో ఇది మరీ అవసరం. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, బి12 విటమిన్ లోపం, నిద్రలో శ్వాస ఆగడం, కుంగుబాటు కూడా అలసటను కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉంది కనుక వీటిని విస్మరించరాదు. అదే సమయంలో, పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయి కనుక రోగమే లేదనడం కూడా పొరపాటే. అమెరికాలో ఈ వ్యాధిగ్రస్తులలో 84 నుంచి 91 శాతం మందికి నిర్ధారణే జరగలేదని 2015 నివేదిక అంచనా వేసింది.

5. వ్యాయామ చికిత్సపై వివాదం

నీరసంగా ఉన్నవారికి 'కాస్త నడవండి, రోజురోజుకూ పెంచండి' అని చెప్పడం లోకరీతి. వైద్యం కూడా కొంతకాలం ఇదే మార్గంలో నడిచింది. బ్రిటన్‌లో 641 మందిపై జరిపిన పేస్ ట్రయల్ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. క్రమంగా పెంచే వ్యాయామం, ప్రవర్తనా చికిత్స ప్రయోజనకరమని అవి పేర్కొన్నాయి. తరువాత రోగులు, పరిశోధకులు ఆ అధ్యయన పద్ధతిని నిశితంగా విమర్శించారు. శారీరక సామర్థ్యంలో 65 లేదా అంతకు తక్కువ అంకెలు ఉన్నవారిని రోగులుగా చేర్చుకున్న ఆ పరిశోధనలో, కోలుకున్నారనడానికి పెట్టిన సామర్థ్య ప్రమాణాన్ని తరువాత 60కి తగ్గించారు. అంటే చేరినప్పటికంటే క్షీణించిన వ్యక్తి కూడా ఆ ఒక్క ప్రమాణంలో కోలుకున్నట్లే లెక్క. కొలమానం ఫలితాన్ని ఎలా శాసిస్తుందో పరిశోధకులందరూ గ్రహించదగిన ఉదాహరణ ఇది.

బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలను రూపొందించే నైస్ సంస్థ 2021లో తన 2007 నాటి వైఖరిని మార్చుకుంది. క్రమంగా పెంచే వ్యాయామ చికిత్సను ఈ రోగులకు ఇవ్వరాదని పేర్కొంది. ప్రవర్తనా చికిత్స వ్యాధితో జీవించడానికి తోడ్పడవచ్చు గాని, వ్యాధిని నయం చేయదని స్పష్టం చేసింది.

6. నిర్వహణ పద్ధతులు

ఈ వ్యాధిని నయం చేసే మందు ప్రస్తుతానికి లేదు. ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడమే నిర్వహణకు ఆధారం. దీనిని శక్తి పరిమితి విధానం అనవచ్చు.

రోగి కొన్ని వారాలపాటు తన పనులను, తరువాతి రెండు మూడు రోజుల స్థితిని దినచర్యగా రాసుకోవాలి. ఏ పని ఎంత మేరకు చేస్తే క్షీణత కలుగుతున్నదో దానివల్ల తెలుస్తుంది. ఆ హద్దుకు లోపలే పని ఆపాలి. అలసిన తరువాత కాక, అలసిపోకముందే విశ్రమించాలి. బాగున్న రోజున బకాయి పనులన్నీ ముగించాలనుకోవడం తరచు జరిగే పొరపాటు. చదవడం, మాట్లాడటం, తెర వైపు చూడటం కూడా శ్రమలోకే వస్తాయి. వంట, స్నానం వంటి పనులను కూర్చుని చేయడం, పెద్ద పనిని భాగాలుగా విడదీయడం ఉపకరిస్తాయి. నిద్రలేమికి, నొప్పులకు, నిలబడినప్పుడు కలిగే ఇబ్బందికి వైద్యుని పర్యవేక్షణలో వేరుగా చికిత్స పొందవచ్చు.

7. విద్యాసంస్థల బాధ్యత

మేధోశ్రమ కూడా ఈ వ్యాధిని పెంచుతుంది కనుక విశ్వవిద్యాలయాలు దీనిని పట్టించుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి గరిష్ఠ గడువు ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు లభిస్తాయి. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో దీర్ఘకాలిక నాడీసంబంధ వ్యాధులకు చోటు ఉన్నా, ఈ వ్యాధి పేరు విడిగా లేదు. ఈ స్థితిలో పర్యవేక్షకుని అవగాహనే విద్యార్థికి తొలి ఆసరా అవుతుంది. సమావేశాల నిడివి తగ్గించడం, ఆన్‌లైన్ హాజరుకు అనుమతించడం, గడువులను దశలవారీగా విభజించడం ఏ సంస్థకూ భారం కావు.

8. ముగింపు

ఎంఈ/సీఎఫ్‌ఎస్‌ను గుర్తించే ప్రధాన లక్షణం అలసట కాదు, శ్రమ తరువాత కలిగే క్షీణత. ఆ క్షీణత చూసేవారి కంటికి ఆనదు, ప్రయోగశాల నివేదికలో కనబడదు. రోగి చెప్పినప్పుడే తెలుస్తుంది. అందువల్ల ఈ వ్యాధిలో రోగి మాట వినడం కేవలం సానుభూతి కాదు, నిర్ధారణలో భాగం. 'ఓపిక తెచ్చుకో' అనే మాట ఆత్మీయంగానే వినిపించవచ్చు. కాని ఓపిక తెచ్చుకుని శ్రమించడమే హానికరమైన వ్యాధిలో, ఆగడానికి అవకాశం ఇవ్వడమే నిజమైన సహాయం.