20 నిమిషాలు ఆగినా తగ్గని పని

సిబ్బందికి రోజూ 20 నిమిషాలు అదనంగా విశ్రాంతి ఇస్తే పని ఎంత తగ్గుతుంది? 8 గంటలంటే 480 నిమిషాలు. ఆ లెక్కన 4 శాతానికి పైగా తగ్గాలి.

అమెరికా పన్నుల శాఖలో 42 మంది డేటా ఎంట్రీ ఉద్యోగులపై పరిశోధకులు దీన్నే పరీక్షించారు. 2000లో ఫలితాలు వెలువడ్డాయి. వాళ్లకు అప్పటికే పూటకొకటి చొప్పున రెండు 15 నిమిషాల విరామాలు ఉండేవి. మిగిలిన గంటల్లోనూ 5 నిమిషాల చొప్పున విరామాలు చేర్చారు. కొత్తగా చేర్చినవన్నీ కలిపితే 20 నిమిషాలు. కళ్ల అలసట, ఒంటి నొప్పులు తగ్గాయి. పని మాత్రం తగ్గలేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

పొద్దున తొలి గంటలో చేసే పనీ, సాయంత్రం ఆఖరి గంటలో చేసే పనీ ఒకే తీరుగా ఉంటాయనుకోవడమే పొరపాటు. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 84 మందిని పరీక్షించారు. సుమారు 50 నిమిషాలు ఒకే పని చేస్తూ పోతే ఏకాగ్రత సడలింది. మధ్యలో రెండుసార్లు కాసేపు దృష్టి మళ్లించిన బృందంలో అది నిలిచింది.

మీటింగులదీ అదే కథ. మైక్రోసాఫ్ట్ 2021లో 14 మంది మెదడు తరంగాలను నమోదు చేసింది. నాలుగు అరగంట మీటింగులు వరసగా పెడితే ఒత్తిడి పేరుకుంటూ పోయింది. నడుమ 10 నిమిషాలు తెరిపి ఇస్తే పేరుకోలేదు.

ఎంతసేపు ఆగాలి?

25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే ‘పొమొడోరో’ పద్ధతిని ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో రూపొందించారు. ఇందులో నాలుగు విడతలయ్యాక ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి. అయితే అన్ని పనులకూ ఒకే కొలత సరిపోదు.

2,335 మందికి సంబంధించిన ఫలితాలను 2022లో ఒకచోట చేర్చి విశ్లేషించారు. 10 నిమిషాల లోపు విరామాలతో అలసట తగ్గి, హుషారు పెరుగుతోందని తేలింది. పనితీరులో మాత్రం మొత్తంమీద స్పష్టమైన మెరుగుదల కనిపించలేదు. విరామం నిడివి పెరిగేకొద్దీ పనితీరు బాగుపడింది. బుర్రను బాగా అలసట పెట్టే పనికి 10 నిమిషాలు చాలకపోవచ్చన్నది పరిశోధకుల మాట.

ఎలా ఆగాలి?

ఫోన్ చూస్తూ గడిపితే అది విశ్రాంతి కాదు. 2019లో రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 414 మంది విద్యార్థులకు పదాల చిక్కుముళ్లిచ్చారు. విరామంలో ఫోన్ వాడినవాళ్లకు మిగతావాళ్లకన్నా 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పరిష్కరించినవి 22 శాతం తక్కువ. లేచి నాలుగడుగులు వేయడం, నీళ్లు తాగడం, కిటికీ లోంచి దూరంగా చూడడం మేలు.

చట్టం చెప్పింది కనీసమే

ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదని, ఆలోపే అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 వరకు అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 55వ సెక్షన్ నిర్దేశించింది. అలాంటి నియమం యజమాని దాటకూడని హద్దు మాత్రమే. మంచి పని జరగాలంటే అంతకన్నా తరచుగా ఆగాలి.

సీట్లో ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారని లెక్కలు తీసే మేనేజర్లు ఆ 42 మంది ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. షిఫ్టు పట్టికలోనే గంటకో 5 నిమిషాలు రాసిపెట్టాలి. అలా రాసి ఉన్నప్పుడే కింది ఉద్యోగి సంకోచం లేకుండా లేవగలడు.