ఉరుము వినక ముందే ప్లగ్గు తీయాలి

చిన్నప్పుడు ఉరిమితే చాలు, అమ్మమ్మ దగ్గరకు పరుగెత్తేవాళ్లం. ఆవిడ పక్కన కూచోబెట్టుకుని అర్జునుడి పేర్లు చదివించేది. భయం పోయేది. ఇప్పుడు మనతో పాటు హాల్లో ఓ మూల మిణుకుమిణుకుమంటూ ఉండే ఇంటర్నెట్ పెట్టెకూ పిడుగు భయం ఉంది. పిల్లల పాఠాలు, అమ్మాయి ఇంటి నుంచి చేసే ఉద్యోగం, కరెంటు బిల్లు, దూరదేశంలో ఉన్న అబ్బాయి ముఖం చూడటం... అన్నీ దాని మీదే కదా!

మా పక్కింటావిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. వేసవిలో ఓ సాయంత్రం ఈదురుగాలి మొదలైంది. 'స్విచ్ ఆపేశాగా, ఏం కాదులే' అనుకుని గిన్నెలు తోముకుంటోంది. ఫెళఫెళమని ఉరిమేసరికి గాభరా పడి, తడి చేత్తోనే ప్లగ్గు పీకబోయింది. వాళ్ల అత్తగారు "ఆగమ్మాయ్! పోతే పెట్టె పోతుంది" అంటూ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. మరుక్షణం కళ్లు చెదిరే మెరుపు, చెవులు చిల్లులుపడే శబ్దం. రౌటర్ మాడిపోయింది. దానికి వైరుతో కలిపిన కంప్యూటరూ పోయింది. ఆవిడ మాత్రం క్షేమంగా బయటపడింది.

స్విచ్ ఆపితే చాలదా?

చాలదు. స్విచ్ ఆపినప్పుడు లోపల ఏర్పడే ఖాళీ చాలా చిన్నది. ఆకాశం నుంచి గాలిని చీల్చుకుంటూ వచ్చే మెరుపుకు అదొక లెక్కా? పైగా మన గోడ స్విచ్చులు ఒక వైరునే ఆపుతాయి. రెండోది అలాగే ఉంటుంది. పిడుగు మన ఇంటి మీదే పడనక్కర్లేదు. వీధిలో కరెంటు స్తంభం దగ్గర పడినా వైర్లలో వోల్టేజి ఒక్కసారిగా వేలల్లోకి ఎగబాకుతుంది. 230 వోల్టులకు తయారైన వస్తువు దాన్ని తట్టుకోలేదు. అందుకే సాకెట్లోంచి ప్లగ్గు పూర్తిగా తీసేయాలి.

దారులన్నీ మూయండి

'పిడుక్కీ బిచ్చానికీ ఒకే మంత్రం' అంటారు. ఇక్కడ మాత్రం ఒకే మంత్రం పనిచేయదు. పిడుగు దెబ్బ ఇంట్లోకి రావడానికి చాలా దారులున్నాయి. కరెంటు వైరు ఒకటి. రాగి టెలిఫోను తీగ, కేబుల్ టీవీ వైరు, డాబా మీది డిష్ నుంచి దిగే వైరు మరికొన్ని. పక్క వాటాకో పై వాటాకో డాబా మీదుగా లాగిన నెట్ వైరును చాలామంది మరిచిపోతారు. వీటన్నిటినీ పెట్టె నుంచి వేరు చేయాలి.

"మాది ఫైబర్, మాకేం భయం" అంటారా? ఫైబర్ గాజుతో చేసిందే, దాంట్లో కరెంటు పారదు. నిజమే. కానీ ఆ పెట్టెకు అడాప్టరు ఉంటుంది. అక్కడి నుంచి టీవీకి, కంప్యూటరుకు వెళ్లేవి రాగి వైర్లే. స్తంభం నుంచి వచ్చే కొన్ని కేబుళ్లలో బలం కోసం ఇనుప తీగ కూడా ఉంటుంది. ఫైబర్ కొనను మాత్రం మనం పీకకూడదు. దుమ్ము పడినా, బాగా వంగినా సిగ్నల్ దెబ్బతింటుంది. మిగతా వైర్లు తీస్తే సరిపోతుంది.

ఎప్పుడు తీయాలి?

మబ్బు పట్టి గాలి లేవగానే తీయాలి. మెరుపు కనిపించాక ఒకటి, రెండు అంటూ సెకన్లు లెక్కపెట్టండి. శబ్దానికి కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఇక ఏ వైరూ ముట్టుకోవద్దు. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి మళ్లీ పెట్టుకోండి. అంతవరకు వైరున్న ఫోనులో మాట్లాడొద్దు. సెల్‌ఫోను ఛార్జింగు తీసేసి ఇంట్లో వాడుకోవచ్చు.

ఇదంతా అతి జాగ్రత్త అనుకోకండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించిన 'దామిని' యాప్ మన చుట్టుపక్కల పిడుగుల ముప్పు ఉంటే ముందే చెబుతుంది. ఫోనులో పెట్టుకోండి. ఊరెళ్లేటప్పుడైతే మబ్బు కోసం చూడక్కర్లేదు, అన్నీ తీసేసే వెళ్లండి.

స్పైక్ గార్డు, ఎర్తింగ్

స్పైక్ గార్డులో ఉండే చిన్న బిళ్ల, మితిమీరిన వోల్టేజిని ఎర్త్ వైపు మళ్లిస్తుంది. మీ ఇంట్లో ఎర్తింగే సరిగ్గా లేకపోతే ఎటు మళ్లిస్తుంది పాపం? పైగా దెబ్బలు తిన్నకొద్దీ ఆ బిళ్ల అరిగిపోతుంది. రక్షణ ఉందని తెలిపే లైటు ఆరిపోతే కొత్తది కొనాల్సిందే. నాలుగు ప్లగ్గులు పట్టే ప్రతి బోర్డూ స్పైక్ గార్డు కాదు. కొనేముందు అడిగి తీసుకోండి. స్టెబిలైజరు, ఇన్వర్టరు ఉన్నాయని ధీమా పడొద్దు. అవి చేసే పని వేరు. నిజానికి దగ్గర్లో పడ్డ పిడుగును స్పైక్ గార్డు కూడా పూర్తిగా ఆపలేదు. ప్లగ్గు తీయడాన్ని మించింది లేదు.

వేసవి మొదలయ్యే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఎండలకు నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. పెరట్లో ఎర్త్ గుంటలో అప్పుడప్పుడూ నీళ్లు పోయించండి. మీటరు దగ్గరే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే ఇంకా మంచిది.

పక్కింటావిడ ఇప్పుడు నెట్టు, టీవీ, కంప్యూటరు ప్లగ్గులన్నీ చేతికి అందేలా ఒకేచోట పెట్టించింది. ఏది దేనిదో కాగితం ముక్క అంటించింది. అత్తగారు వాకిట్లో కూచుని ఆకాశం కేసి చూస్తారు. "అమ్మాయ్, పడమటి వైపు మబ్బు పట్టింది" అని ఆవిడ కేకేస్తే చాలు, ప్లగ్గులన్నీ ఊడొస్తాయి. ఆ కేక వినగానే మేమూ లేచి మా ఇంట్లో ప్లగ్గులు తీసేస్తున్నాం.